జార్జిటౌన్ హెరిటేజ్ వాక్ నిర్వాహకులకి: ఆదివారం వద్దు, శనివారం పెట్టండి

చెన్నై జార్జిటౌన్‌లో హెరిటేజ్ వాక్‌లు నడిపే నిర్వాహకులకి, గైడ్లకి నమస్కారం.

ఫలానావాళ్లు అని పేరు పెట్టి రాయడం లేదు. నేను డబ్బు కట్టి నడిచింది ఒకరి వాక్‌లోనే అయినా, మిగతావాళ్ల పోస్టర్లు, ఫొటోలు చూస్తే అందరి టైమూ అదే, రూటూ ఇంచుమించు అదే. తెలుగులో రాయడానికి పెద్ద కారణమేం లేదు, నాకు తిన్నగా రాయడం వచ్చింది తెలుగులోనే, పైగా ఆ రోజు నాతోపాటు నడిచినవాళ్లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు, మీ గైడుకి కూడా తెలుగు బాగానే వచ్చు. రానివాళ్లకి ఎవరో ఒకరు చదివి చెప్తారు.

నాది నెల్లూరు. చిన్న ప్రింటింగ్ ప్రెస్. పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు, స్కూలు డైరీలు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. కాగితానికీ కార్డులకీ మా నాన్న హయాం నుంచీ ఆండర్సన్ వీధికే వస్తున్నాం. పొద్దున్నే రైలెక్కి సెంట్రల్‌లో దిగడం, షాపులు తీసేసరికి వీధిలో ఉండడం, శాంపిల్ ఆల్బమ్‌లు తిరగెయ్యడం, ధర దగ్గర గీసి గీసి బేరమాడి, సరుకు పార్సిల్ ఆఫీసుకి పంపించేసి సాయంత్రం రైలుకి తిరిగి రావడం, మాకు జార్జిటౌన్ అంటే ఇదే. ఆ వీధుల చరిత్ర ఎవరైనా చెప్తే వినాలని ఎప్పటినుంచో ఉంది, అందుకే రాత్రి చుట్టాలింట్లో ఉండిపోయి మరీ ఆదివారం పొద్దున ఆరున్నరకి హైకోర్టు దగ్గరకి వచ్చాను.

ముందు బాగున్నది చెప్తాను. మీ గైడు చదువుకున్న మనిషి, గొంతు బాగుంది, తెలియనిది తెలియదన్నాడు. ఆర్మీనియన్ చర్చి దగ్గర ఆయన చెప్పింది నేను మర్చిపోను. 1772లో కట్టిన ఆ చర్చిలో ఆవరణంతా సమాధి రాళ్లు పరిచి ఉంటాయి, వాటి మీద నడవాలా వద్దా అని కాలు తడబడుతుంది, అక్కడ నిలబెట్టి, 1794లో ఓ ఆర్మీనియన్ మతగురువు ఈ ఊళ్లోనే సొంత ప్రెస్సు పెట్టుకుని ‘అజ్దరార్’ అనే పత్రిక వేశాడని, ఆ భాషలో ప్రపంచం మొత్తమ్మీద అదే మొదటి పత్రిక అని చెప్పాడు. అక్కడికి దగ్గర్లోనే కాగితం కొంటున్నవాణ్ణి, ఒళ్లు జలదరించింది. ఆ అక్షరాల దిమ్మెలు ఎక్కడ పోత పోశాడో, కాగితం ఏ ఓడలో తెప్పించుకున్నాడో, ఎవడు అప్పు పెట్టాడో అని మిగతా దారంతా అదే ఆలోచన.

ఇక అసలు సంగతి. ఆదివారం పొద్దున్నే మీరు చూపిస్తున్నది తాళాలు వేసిన ఊరు.

ఇందాకటి చర్చి, గుళ్లు తీసేస్తే మనం ఆగిన ప్రతి చోటా షట్టరు దించి ఉంది. మీ గైడు పైకి చూపిస్తాడు, మేం పైకి చూస్తాం, మొదటి అంతస్తు కిటికీ, చెక్క తడికెలు, పిట్టగోడ, పిట్టగోడలో మొలిచిన రావి మొక్క. ఫొటో. ముందుకి. రోడ్డు ఖాళీగా ఉండడం వల్ల ఫొటోలు బాగా వస్తున్నాయని ఒకావిడ సంబరపడింది కూడా. ఖాళీగా ఉండడమే ఆ పేటకి సహజం కాదు కదమ్మా అని నాకు నోటిదాకా వచ్చింది. మామూలు రోజు పదకొండింటికి ఆ వీధిలో నిలబడి పైకి చూస్తే వెనకనుంచి ‘ఓరం పో’ అని కేక పడుతుంది, తప్పుకోకపోతే బండి మడమకి తగులుతుంది. మూడు చక్రాల బండి నిండా ఆర్ట్ పేపర్ రీములు, దాని వెనకాల తలమీద డబ్బాల దొంతర పెట్టుకుని ఇద్దరు, ఎదురుగా ఓ స్కూటరు, స్కూటరు మీద మనిషికీ హ్యాండిల్‌కీ మధ్య ఇంకో మూట. మాట్లాడుకునేది తమిళం, తెలుగు, మార్వాడీ, గుజరాతీ, ఉర్దూ, అన్నిట్లోనూ అంకెలు మాత్రం అందరికీ అర్థమవుతాయి. కొత్తవాళ్లకి టెన్షన్‌గానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఈస్టిండియా కంపెనీవాళ్లు ఈ పేట పెరగనిచ్చింది వాళ్ల కోటకి ఎదురుగా అందంగా కనపడుతుందని కాదు, సరుకు కొనడానికి, అమ్మడానికి, అప్పు పుట్టించడానికి. గాజు ఒక వీధిలో, కాగితం ఒక వీధిలో, గుడ్డలు ఒక వీధిలో, రసాయనాలు ఇంకో వీధిలో, ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఆ పని ఆగిపోయిన ఒక్క రోజు చూసి మీరు మమ్మల్ని అక్కడ నడిపిస్తున్నారు.

ఇందులో ఇంకో నష్టం ఉంది, అది బిల్డింగుల మీద ఇష్టం ఉన్నవాళ్లకే ఎక్కువ. మీ గైడు ఒక పాత ఇంటి ముందు నిలబడి మద్రాస్ టెర్రస్ అనే పాతకాలం పైకప్పు గురించి పావుగంట చెప్పాడు, చక్కగానే చెప్పాడు, వింటున్నవాళ్లకి మాత్రం మూసిన షట్టరే కనపడుతోంది. అదే వీధిలో, మూడు షాపుల అవతల, నేను కార్డులు కొనే కొట్లో గల్లా పెట్టె దగ్గర నిలబడి తలెత్తితే ఆ టెర్రస్ కనపడుతుంది. బర్మా టేకు దూలాలు వరసగా, వాటి మీద అంగుళం మందం ఉండే పల్చటి ఇటికెలు పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, తిన్నగా కాకుండా ఏటవాలుగా, మధ్యలో సున్నం పోసి పేర్చుకుంటూ పోయారు. వాటి పైన ఇటిక ముక్కల సున్నపు కాంక్రీటు, ఆ పైన పెంకులు. ఆ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లట. కింద నుంచి చూస్తే చేపముల్లులా కనపడుతుంది. దూలానికి దూలానికి మధ్య ఎవరో ఫ్యాను కొక్కెం కొట్టారు, ఆ కొక్కెం చుట్టూ సున్నం రాలి, రాలినచోట సిమెంటు పెట్టారు, సిమెంటు పట్టు ఇవ్వక మళ్లీ రాలింది, ఇప్పుడక్కడ చెయ్యంత మచ్చ. షాపాయన ఆ మచ్చని చూపించి, పాత పని తెలిసిన మేస్త్రి దొరకడం లేదండీ, దొరికినా చెప్పే రేటు వింటే కొత్త స్లాబు వేసుకోవచ్చనిపిస్తోందని అన్నాడు. కాపాడుకోవాలంటే ఎక్కడ కష్టమో మొత్తం ఆ కొట్లో నిలబడితే తెలుస్తుంది. ఆదివారం ఆ కొట్టు మూత.

సరే, టైము మార్చినా చెప్పే కథ ఇదే అయితే సగం లాభమే. అందుకే కథ గురించి కూడా రాస్తున్నాను, కోప్పడకండి.

మనం మొదలుపెట్టింది హైకోర్టు ముందు. ఆ ఎర్ర ఇటికె కట్టడం 1892లో పూర్తయిందని, గుమ్మటం మీద లైట్‌హౌస్ వెలిగేదని, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎమ్డెన్ ఇటు గుండ్లు పేల్చిందని చెప్పారు. అంతా నిజమే. అయితే ఆ కోర్టు నిలబడిన నేల ఎవరిదో ఒక్క ముక్కలో దాటేశారు, ‘ఇక్కడ పాత బ్లాక్ టౌన్ ఉండేది, తర్వాత ఉత్తరానికి జరిగింది’ అని. ఊరు తనంతట తాను జరుగుతుందా? కోట గోడకి ఆనుకుని ఉత్తరం వైపున నేతగాళ్లు, అద్దకంవాళ్లు, దొరలకి మాట తర్జుమా చేసే దుబాసీలు, కోమట్లు, మొదలియార్లు కట్టుకున్న ఇళ్లూ వీధులూ అవి. 1746లో ఊరు పట్టుకున్న ఫ్రెంచివాళ్లు, ఉన్న మూడేళ్లలో కోట గోడకి దగ్గరగా ఉన్న భాగాన్ని పడగొట్టారు. ఊరు తిరిగి చేతికొచ్చాక ఇంగ్లీషువాళ్లు మిగిలినదాన్ని కూడా చదును చేశారు. శత్రువు ఇళ్ల చాటున కోట దగ్గరకి రాకూడదు, ఫిరంగికి ఎదురు లేని బయలు కావాలి. అంతే కారణం. చెన్నకేశవస్వామి గుడి కూడా అందులోనే పోయింది, అదీ కంపెనీ తొలిరోజుల వర్తకుడు బేరి తిమ్మన్న కట్టించిన గుడి అంటారు. బదులు స్థలమిస్తే, మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనుకుని చందాలు పోగుచేస్తే, 1762 నాటికి ఇప్పుడున్న చోట, పూల బజారు పక్కన, కేశవుడికీ మల్లేశ్వరుడికీ జంట గుళ్లు లేచాయి. మనం ఆ గుడి ముందు కూడా ఆగాం. అక్కడ మీ గైడు గోపురం గురించి చెప్పాడు, అది తరలించిన గుడి అన్నాడు, మనం బయలుదేరిన కోర్టు దగ్గరే అది మొదట ఉండేదన్న సంగతి మాత్రం కలపలేదు. ఆ రెండు ముక్కలూ కలిపితే చాలు, వాక్ మొత్తం ఒక దారానికి ఎక్కుతుంది.

ఆ బయలుకి హద్దు రాళ్లు కూడా వేశారు. 1773 జనవరి 1 అని చెక్కిన ఆరు స్తంభాల్లో ఒకటి ఇంకా మిగిలి ఉంది, పారీస్ కార్నర్ దగ్గరే, డేర్ హౌస్ ఆవరణలో. దీని ఇవతల ఎవరూ ఇల్లు కట్టరాదని దాని అర్థం. పారీస్ కార్నర్‌లో మీరు ఆగింది 1788లో మద్రాసొచ్చిన వర్తకుడు థామస్ పారీ కోసం. ఆ రాయి వైపు ఎవరూ చెయ్యి చూపలేదు! నాకు ఆ రాయి సంగతి చెప్పింది అక్కడ టీ తాగుతూ పరిచయమైన ఓ వకీలు గుమాస్తా, మీ వాక్‌లో ఎవరూ కాదు.

కొత్త బ్లాక్ టౌన్‌కి, అంటే ఇప్పటి జార్జిటౌన్‌కి, గోడ కట్టిన కథ ఇంకా బాగుంటుంది. హైదర్ అలీ వస్తాడన్న భయంతో గోడ లేపారు, ఖర్చు పేటలో ఉన్నవాళ్లే పెట్టుకోవాలని పన్ను వెయ్యబోయారు, జనం ససేమిరా అన్నారు, పన్ను వసూలు కాలేదు. రోడ్డుకి మాత్రం వాల్ టాక్స్ రోడ్డని పేరు పడిపోయింది. నేను పార్సిల్ కోసం సెంట్రల్ పక్కనుంచి వెళ్లేది ఆ రోడ్డు మీదుగానే. గోడ ముక్క ఇప్పటికీ ఓల్డ్ జైల్ రోడ్డు దగ్గర నిలిచి ఉంది. కట్టని పన్ను పేరు రోడ్డుకి మిగలడం కంటే నవ్వొచ్చే కథ ఈ ఊళ్లో ఇంకోటి లేదేమో, మీరది వదిలేసి, ఇక్కడ కంపెనీకి స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డేకి శాంథోమ్‌లో ప్రియురాలు ఉండేదన్న పుకారు మాత్రం రెండుసార్లు చెప్పారు.

ఫ్రాన్సిస్ డే అంటే గుర్తొచ్చింది. ఆయన 1639లో ఊడిపడ్డట్టు చెప్పారు, ఇసక తిన్నెలు, నాలుగు జాలరి గుడిసెలు, దొరగారు దిగారు. అంతకుముందు ఆయన ఉన్నది మా నెల్లూరు తీరంలో, దుర్గరాజపట్నంలో. కంపెనీ వాళ్లు ఆర్మగాన్ అని రాసుకున్నది ఆ ఊరినే. అక్కడ వ్యాపారం గిట్టక, గుడ్డ చవగ్గా దొరికే చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చారు. స్థలమిచ్చింది ఈ ప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు, చెన్నపట్నం అన్నది ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే. ఇది చెప్పమంటున్నది తెలుగువాళ్ల గొప్ప కోసం కాదు, మద్రాస్ మనదే అన్న పాత తగువు తవ్వే ఓపిక నాకు లేదు. ఇచ్చినవాడికి ఒక లెక్క ఉంది, వచ్చినవాడికి ఒక లెక్క ఉంది, ఇది రెండు పక్షాల బేరం అని తెలిస్తే కథ మారుతుంది. దొర ఒక్కడే నడిచే కథలో మిగతావాళ్లంతా వెనకాల నిలబడ్డ కూలీలైపోతారు.

ఆ మిగతావాళ్లు కూడా అమాయకులేం కారు, అదీ చెప్పండి. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అని కులాలు రెండు జట్లుగా విడిపోయి ఏ వీధిలో ఎవరి పెళ్లి ఊరేగింపు వెళ్లాలన్న దాని మీద కొట్టుకున్న పేట ఇది. 1707లో గవర్నరు థామస్ పిట్ ఉన్నప్పుడు అది ముదిరి, ఒక జట్టు ఊరొదిలి శాంథోమ్ వెళ్లి కూర్చుంది. చివరికి పెద్దనాయకన్‌పేట ఒక జట్టుకి, ముత్యాలపేట ఇంకో జట్టుకి అని పంచారు. నేను ఏటా వందల పెళ్లి కార్డులు వేస్తాను, ఊరేగింపు రూటు మీద ఇప్పటికీ పోలీసు స్టేషనుకెక్కే ఊళ్లు తెలుసు, కాబట్టి ఈ కథ నాకు పాతది కాదు. మీ వాక్‌లో కులం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఆ పిట్ దొరే మరో రకంగా మనకి చుట్టం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే 410 క్యారెట్ల ముడి వజ్రాన్ని మద్రాసులోనే కొన్నది ఆయనే, దాన్ని సానబెట్టించి ఫ్రాన్సుకి అమ్మితే రీజెంట్ వజ్రమై ఇప్పుడు పారిస్ లూవ్ర్‌లో ఉంది. కోరల్ మర్చంట్ వీధి మీకు రూటులో లేదు, ఉండాల్సింది. మధ్యధరా సముద్రం పగడాలు తెచ్చి ఇక్కడ అమ్మి, గోల్కొండ వజ్రాలు కొని లండన్ పంపిన యూదు వర్తకులు బతికిన వీధి. 1688లో మద్రాసుకి కార్పొరేషన్ పెడితే మొదటి ఆల్డర్మన్లలో, అంటే దాని సభ్యుల్లో, ముగ్గురు యూదులే. పగడం వచ్చిందీ వజ్రం పోయిందీ ఒకే వీధిలోంచి. ఇంతకంటే వలస వ్యాపారాన్ని విడమర్చి చెప్పే చోటు ఏముంది?

ఇంకొకటి చెప్పి ఈ ముచ్చట ఆపుతాను, లేకపోతే ఉత్తరం పుస్తకమైపోతుంది. బ్రాడ్‌వే దగ్గర స్టీఫెన్ పోఫమ్ గురించి చెప్పారు, మురుగు గుంటలు పూడ్చి రోడ్డు వేసినాయన, బాగుంది. ఆ రోడ్డు పేరు ఇప్పుడు ప్రకాశం సాలై. బోర్డు మీద ఉంది, మనం దాని కిందే నిలబడ్డాం. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కి ఎదురుగా ఆ చుట్టుపక్కలే జనం లేస్తే పోలీసులు కాల్పులు జరిపారు, పడిపోయిన మనిషిని చూసి తీరతానని టంగుటూరి ప్రకాశం ముందుకెళ్లి, తుపాకీ చూపించిన పోలీసులకి చొక్కా విప్పి ఛాతీ చూపించాడు. మా వైపు ప్రతి స్కూలు పిల్లాడూ చదువుకున్న సంగతి. అది జరిగిన మలుపు దగ్గరే, ఆయన పేరున్న రోడ్డు మీదే నిలబెట్టి, 1795లో బండి మీంచి పడి చనిపోయిన పోఫమ్‌తో కథ ముగించేశారు. నా పక్కనున్న కుర్రాడు, బెజవాడ అతను, నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను.

జనరల్ పోస్టాఫీసు ముందు అందరూ ఫోన్లు తీశారు. 1884, ఆర్కిటెక్టు చిజమ్ కట్టిన గోపురాలు, నిజంగా అందమైన బిల్డింగే. అంతకు ఆరేడేళ్ల ముందే 1876-78 కరువు. మద్రాసు బీచిలో ధాన్యం బస్తాలు గుట్టలుగా ఉండగా లోపలి జిల్లాల్లో జనం లక్షల్లో పోయారు. బతకడానికి ఊళ్లోకొచ్చినవాళ్ల చేత అడయారుకీ కూవానికీ మధ్య కాలవ తవ్వించారు, అదే బకింగ్‌హామ్ కాలవలో ముక్క, ఆ కాలవే ఉత్తరాన మా నెల్లూరు దాటి పోతుంది. రెండు వాక్యాలు చాలు. అందం చూడొద్దనడం లేదు, ఆ పక్కన అది కూడా ఉండాలంటున్నాను.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన మాట. ఒక చోట మీ గైడు, ‘ఈ బోర్డులు, ఈ షాపులు, ఈ వైర్లు లేకపోతే ఈ వీధి యూరప్‌లో ఉన్నట్టుండేది’ అన్నాడు, అందరూ నవ్వారు. ఆ షాపులు లేకపోతే ఆ ఇళ్లు ఎప్పుడో కూలేవి. వర్తకులు ధర్మాత్ములని నేననడం లేదు, దూలాలు కోసి ఏసీ పెట్టినవాళ్లని, అరుగులు మూసేసి స్టాకు నింపినవాళ్లని నాకు పేర్లతో సహా తెలుసు. పాత అద్దెలు పెరగవు కాబట్టి ఓనరు బాగుచెయ్యడు, ఇల్లు తనది కాదు కాబట్టి అద్దెకున్నవాడు బాగుచెయ్యడు, ఇల్లు పడిపోతే స్థలం దొరుకుతుందని మూడోవాడు కాచుకుని కూర్చుంటాడు. ఈ లెక్క చెప్పకుండా అందం పాడైపోయిందని బాధపడితే వచ్చినవాళ్లు ఆ బాధే ఇంటికి పట్టుకెళ్తారు, అంతకుమించి ఏమీ మిగలదు.

అరుగు అంటే ఒక సంగతి. మీరంతా ముందుకెళ్లాక నేను కాస్త వెనకపడ్డాను. షట్టరు పక్క మిగిలిన బారెడు అరుగు మీద ఓ పెద్దాయన, వాచ్‌మన్, కూర్చుని ఉన్నాడు. వాళ్లంతా ఏం చూస్తున్నారని అడిగాడు. పాత ఇళ్లు చూస్తున్నారన్నాను. లోపలికి పోకుండా ఇల్లేం చూస్తారు అన్నాడు. లోపల తొట్టి వాకిలి ఉందిట, బావి ఉందిట, బావి మీద రాయి మూసి ఇప్పుడు దాని మీద కార్టన్లు పెడుతున్నారుట, వానాకాలం ఆ కార్టన్లు అడుగున చెమ్మెక్కుతాయిట. వెనక గదిలో ఓనరు తాతగారి పటం ఒకటి ఉందిట, ఎవరూ తీసుకెళ్లక అక్కడే ఉండిపోయింది. మీ మైకు ఇంగ్లీషులో మాట్లాడుతోంది, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆయనకి తెలిసింది అడిగినవాళ్లూ లేరు. మీరు కట్టించుకునే డబ్బులో ఒకరి ఫీజు అలాంటి మనిషికిచ్చి పది నిమిషాలు మాట్లాడించండి. వాక్‌లో అందరికీ గుర్తుండేది ఆ పది నిమిషాలే అవుతుంది.

మీరు చెప్పబోయే అడ్డంకులు నాకు తెలుసు. మామూలు రోజు ముప్పై మందిని ఆ వీధుల్లో నిలబెడితే మీ వాళ్లూ నలుగుతారు, బండ్లూ ఆగుతాయి, హమాలీలు తిట్టిన తిట్టు ఏ హెరిటేజ్ పుస్తకంలోనూ ఉండదు. నిజమే. అందుకే శనివారం అంటున్నాను. కోర్టు సెలవు కాబట్టి నల్లకోట్ల రద్దీ తగ్గుతుంది, కొట్లు తీసే ఉంటాయి, ఆఫీసులవాళ్లలో చాలామందికి సెలవు దొరుకుతుంది. ముప్పై మందిని కాకుండా ఎనిమిది, పది మందిని తీసుకురండి, పదింటికి మొదలుపెట్టి పన్నెండు కొట్టకముందే ముగించండి, ఎండ ముదరదు. మైకు వద్దు, గొంతు చాలు. తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి విడిగా పెట్టండి. సౌకార్‌పేట సేట్లు కూడా వస్తారు, వాళ్లకి మీరు హిందీలో చెప్పినా సరే. బయటినుంచి ఫొటో తీసి వెళ్లిపోకుండా రెండు కొట్లు ముందే అడిగి పెట్టుకోండి, లోపలికెళ్లినప్పుడు వచ్చినవాళ్లు ఒక నోటుబుక్కో కవర్ల కట్టో కొంటే షాపువాడికి కూడా మర్యాదగా ఉంటుంది. బరువు మోస్తున్న మనిషి మొహంలోకి కెమెరా పెట్టొద్దని మొదట్లోనే చెప్పండి, మా బ్యాచిలో ఒకాయన ఆదివారం కూడా వదల్లేదు, ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లని తీశాడు.

ఆండర్సన్ వీధిలో రెండు కొట్లవాళ్లని నేను ఇప్పటికే అడిగాను. ఒకాయన సరేనన్నాడు, పైకప్పు చూడ్డానికి ఎవరొస్తారండీ అని నవ్వాడు గానీ సరేనన్నాడు. రెండో ఆయన సీజన్ లేనప్పుడైతే రమ్మన్నాడు. అందుకని ఆషాఢంలో పెట్టుకుంటే మంచిది, అటు తమిళంవాళ్లకి ఆడి మాసం కూడా ఇంచుమించు అప్పుడే, పెళ్లిళ్లుండవు, కార్డుల కొట్లలో కూర్చుని మాట్లాడే తీరిక దొరుకుతుంది. తేదీ వేస్తే చెప్పండి, అందరిలాగే డబ్బు కట్టి నేనూ వస్తాను. మధ్యలో ఓ అరగంట మాత్రం నన్ను వదిలెయ్యాలి, శ్రావణంలో ముహూర్తాలకి కార్డులు ఆర్డరు పెట్టుకోవాలి.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఓ ప్రెస్సువాడు